అనుమానం అక్క దరఖాస్తు

ఆఫీసులో ఆమెను అందరూ ‘అనుమానం అక్క’ అనేవారు. చాటుగా కాదు, ఎదుటే. ఆమె కూడా ఆ పేరుకే పలికేది. ఆస్పత్రుల్లో రక్తపరీక్షల ఫలితాలు చూపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ అది. అందులో ఆమె పద్నాలుగేళ్లుగా టెస్టరు. మిగతావాళ్లు రాసిన ప్రోగ్రాం ఎక్కడ బోల్తా కొడుతుందో వెతకడం ఆమె పని. ఒకే పేరున్న ఇద్దరు రోగులు ఒకే ఉదయం వస్తే? పుట్టినతేదీ తెలియని ముసలాయన వస్తే? రిపోర్టు సగం ప్రింటయ్యాక కరెంటు పోతే? ఇలా అడిగి అడిగి ప్రోగ్రాం రాసినవాళ్లకు చెమటలు పట్టించేది. వాళ్లు విసుక్కునేవారు గాని, ఆమె సెలవు పెట్టిన రోజున ప్రోగ్రాంను ఆస్పత్రులకు రిలీజ్ చేయడానికి ఎవరికీ చేతులాడేవి కావు.

ఆ ఏడాది పనితీరు మీద మాట్లాడడానికి మేనేజరు ఆమెను గదిలోకి పిలిచాడు. మనిషి మంచివాడే. ఇబ్బందైన మాట చెప్పాల్సి వస్తే మాత్రం ఎదుటివాళ్ల మొహం కాకుండా కంప్యూటరు తెర చూస్తాడు.

“మీ పనికి వంక పెట్టడానికేం లేదు. కానీ ఇంకో మెట్టు ఎక్కాలంటే ఎంబీఏ ఉంటే బాగుంటుంది” అన్నాడు, తెరతో.

ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు అప్పటికే ఎంబీఏ చేసి వేరేచోట్ల మేనేజర్లయ్యారు. పక్క సీట్లో కూర్చునే ఉంగరాల జుట్టు అమ్మాయి శని ఆదివారాలు కాలేజీకి వెళ్తూ చివరి పరీక్షల దాకా వచ్చింది. ఆమెకేమో నలభై నిండబోతున్నాయి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు అనుకుంటూ ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. ఆయన సిటీబస్సు డ్రైవరు.

“చదువుకో. రెండేళ్లూ వంట నాది” అన్నాడాయన వెంటనే. “రుచి గురించి మాత్రం ఎవరూ నోరెత్తకూడదు.”

“ఉప్పు లేకపోయినా?”

“ఉప్పు డబ్బా బల్లమీదే ఉంటుందిగా!”

దరఖాస్తులో అన్నీ సులువుగానే నింపింది. ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయింది: ‘ఈ చదువు మీకెందుకు? ఐదువందల మాటల్లో రాయండి.’ మూడు రోజులు, ఆఫీసుకు బయలుదేరే ముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రాసి కొట్టేసి మళ్లీ రాసింది. నాలుగోరోజు ఆ కాగితాలు పట్టుకెళ్లి మామగారికిచ్చింది.

మామగారు ముప్పై ఐదేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. మానేసి పన్నెండేళ్లయినా ఆ అలవాటు పోలేదు. మందుల డబ్బాలో వచ్చే చీటీని కూడా ఎర్రకలం లేకుండా చదవరు.

“అక్షరదోషాలుంటే చూడండి మామయ్యగారూ.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, ప్రతి వరుస కిందా స్కేలు పెట్టి జరుపుకుంటూ, అరగంట చదివారు. కాగితం తిరిగి వచ్చేసరికి ఒక్క దిద్దుబాటూ లేదు. రెండో పేజీ అంచున చిన్న ప్రశ్నార్థకం మాత్రం ఉంది. దాని పక్కనున్న వాక్యం: ‘ఒక పెద్ద బృందానికి నాయకత్వం వహించాలన్నది నా చిరకాల స్వప్నం.’

“ఏమ్మా, ఈ కల నీకెప్పుడొచ్చింది?” అని అడిగారు.

ఆమెకు నవ్వొచ్చింది. “రాలేదండీ. అందరూ అలాగే రాస్తారట.”

“అదే అనుకున్నా. తప్పుల్లేవు. కానీ ఇందులో నువ్వెక్కడా కనపడలేదు.”

ఆమె నవ్వు ఆగిపోయింది. ఆయన కలానికి మూత పెట్టారు.

“నన్ను కూడా ఒకసారి ప్రెస్సుకి మేనేజర్ని చేస్తామన్నారు. నేను వద్దన్నా. పనంటే ప్రాణం కాబట్టి వదల్లేదని అందరూ మెచ్చుకున్నారు. మీ అత్తయ్య కూడా అలాగే అనుకుంది. నిజం చెప్పనా? భయమేసింది. నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే నాకు గొంతు పెగలదు.”

“అయితే నన్ను చేరమంటారా?”

“నేను భయపడ్డానని చెప్పా, అంతే. నువ్వేం చెయ్యాలో నాకేం తెలుసమ్మా? నువ్వు వద్దనుకున్నా సరే, కావాలనుకున్నా సరే. ఎందుకన్నది మాత్రం నీ మాటల్లో ఉండాలి.”

ఆ వారం కాలేజీవాళ్లు చేరాలనుకునేవాళ్ల కోసం ఒక నమూనా తరగతి పెట్టారు. శనివారం పొద్దున ఆమె వెళ్లి వెనక వరుసలో కూర్చుంది. పాఠం చెప్పినావిడ చేతుల నిండా సుద్దపొడి. ఆవిడ ఒక సమస్య ఇచ్చారు. తూకం యంత్రాలు చేసే కంపెనీ. అమ్మేసిన కొన్ని యంత్రాలు రవ్వంత తప్పు చూపిస్తున్నాయి. వెనక్కి పిలిపించాలా, వద్దా? ముందు వరుసల్లోంచి కంపెనీ పేరు, పోటీ, మార్కెట్టు అంటూ పెద్దపెద్ద మాటలు వచ్చాయి. ఆమె చెయ్యెత్తింది.

“ఆ యంత్రాలు ఎవరు వాడతారండీ? కూరగాయలు తూచేవాళ్లా, పసిపిల్లల్ని తూచే నర్సులా?”

గదిలో ఎవరికీ తెలియదు. పాఠం చెప్పే ఆవిడ మొహం వెలిగింది. “మొదట అడగాల్సింది అదే. సరే, నర్సులే అనుకుందాం. ఎన్ని యంత్రాలు, ఎన్నాళ్లలో, ముందు ఎవరికి చెప్పాలి? లెక్క కట్టి చెప్పండి.”

ఆమెకు చేతకాలేదు. తప్పు పట్టడం వచ్చు. పట్టాక ఏది ముందు, దేనికెంత నష్టం అని తూచి చెప్పడం రాదు. కాగితం మీద గీసుకున్న పట్టిక మధ్యలోనే ఆగిపోయింది. తెలియనందుకు సిగ్గు వేయలేదు. నేర్చుకోవాలని మాత్రం ప్రాణం లాగేసింది. ఆ తర్వాత ప్రకటనల గురించి, ఉద్యోగులను నడిపించడం గురించి చెప్పిన గంటసేపు ఆమె ఆవులింతలు ఆపుకుంటూ కూర్చుంది.

తరగతి అయ్యాక తలుపు దగ్గర ఆవిడను పట్టుకుంది. తన ఉద్యోగం సంగతి చెప్పి, చేరితే మంచిదేనా అని అడిగింది.

“చదివి ఏం చేద్దామని?”

అప్పటిదాకా ఎవరితోనూ అనని మాట నోట్లోంచి వచ్చేసింది. “మా ఆఫీసులో రిలీజ్ తేదీ ఒక గదిలో కూర్చుని ఖాయం చేస్తారండీ. నాకు బయటికొచ్చాక చెప్తారు. ఆ గదిలో నేనూ ఉండాలి.”

“మరి పదిమందికి పని పంచడం, సెలవులివ్వడం, వాళ్ల తగువులు తీర్చడం?”

“అమ్మో! అవి నా వల్ల కాదు.”

ఆవిడ నవ్వారు. “అయితే మీకు కావాల్సింది ఇందులో పావు వంతు. నష్టం అంచనా వెయ్యడం మీద ఆరునెలల శనివారం కోర్సు ఉంది, అది చూడండి. రెండేళ్ల చదువు దారి మొత్తం మార్చుకోవాలనుకునేవాళ్లకి. నేనిలా చెప్పానని మా కాలేజీ ఆఫీసులో అనకండి, చీవాట్లు పెడతారు.”

సోమవారం మేనేజరు గదికి వెళ్లి ఎంబీఏ చదవనని, రిలీజ్ తేదీ ఖాయం చేసేచోట తనూ ఉండాలని చెప్పింది. ఎంబీఏ లేకపోతే మేనేజరు పోస్టు రాదని, ఆ రూలు మార్చడం తన చేతిలో లేదని ఆయన తెరకే చెప్పాడు. తర్వాత ఇటు తిరిగాడు.

“తేదీలు ఖాయం చేసే గురువారం మీటింగుకి మాత్రం మీరు రావచ్చు. అసలు మీరెప్పుడూ అడగలేదే?”

నిజమే, అడగలేదు.

మొదటి గురువారం ఆమె మీటింగుకి వెళ్లింది. ప్రోగ్రాంలో తను పట్టిన తప్పులు, పదకొండు బగ్గులూ, ఏకరువు పెట్టింది. ఎవరూ సరిగ్గా వినలేదు, తేదీ మారలేదు. కోర్సులో చేరిన రెండోనెలలో మాత్రం ఒకే ఒక్క బగ్గు పట్టుకెళ్లింది. అది ఎన్ని ఆస్పత్రుల్లో, రోజుకు ఎంతమంది రోగుల రిపోర్టులను తారుమారు చేయగలదో ఒక్క కాగితం మీద చూపించింది. అందరూ ఆ కాగితం చుట్టూ తలలు చేర్చారు. రిలీజ్ నాలుగు రోజులు వెనక్కి జరిగింది.

ఆ నెలలోనే ఉంగరాల జుట్టు అమ్మాయికి పట్టా వచ్చింది, పదోన్నతీ వచ్చింది. ఇకపై అనుమానం అక్కకు పై అధికారి ఆ అమ్మాయే. అమ్మాయి మొహమాటంగా ఆమె దగ్గరకొచ్చి, “అక్కా, నువ్వేమీ అనుకోవుగా?” అంది. ఆమె ఆ పిల్లను దగ్గరకు తీసుకుని మనస్ఫూర్తిగానే అభినందించింది.

ఇంటికొచ్చేసరికి మామగారు డాబా మీద ఆరిన బట్టలు తీస్తున్నారు. ఎండ ఇంకా పోలేదు. ఆమె జరిగింది చెప్పింది.

“బాధగా ఉందామ్మా?”

“ఉంది మామయ్యగారూ. నేనే వద్దనుకున్నా. అయినా ఉంది.”

“ఉండదూ మరి?” అన్నారాయన. తీగ మీదున్న పెద్ద దుప్పటి లాగి, “ఆ కొస పట్టుకో” అన్నారు. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని దులిపారు, సగానికి మడిచారు, ఒకరికొకరు ఎదురొచ్చి అంచులు కలిపారు.

“ఈ శనివారం ఏం పాఠం?” అని అడిగారాయన, ఆమె చేతిలోంచి అంచు అందుకుంటూ.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.