గుండీలు లేని చొక్కాలు

వీధిలో అందరూ ఆమెను కుట్టత్త అనే పిలిచేవారు. భర్త పోయిన నాటి నుండి ఒంటి గదిలో, కిటికీ పక్కన వేసుకున్న కుట్టుమిషనే ఆమెకు తోడూ, కూడూ. చర్చికి ఇవ్వడానికి చేతిలో డబ్బు ఆడని మనిషి గనుక, పేదల కోసం అక్కడికి వచ్చే పాత బట్టలను ఉచితంగా బాగుచేసి పెట్టడమే తన కానుక అనుకునేది.

ఆ శీతకాలంలో వెనక సందులోని ఇళ్లు కాలిపోయాయి. కట్టుబట్టలతో మిగిలిన వారి కోసం సంఘపెద్ద ఇంటి నుండి పెద్ద మూట వచ్చింది. ఆదివారం ఆరాధనలో పాస్టరుగారు ఆ ఇంటివారి ఉదారతను నోరారా పొగిడారు. ఇంటికి వచ్చి మూట విప్పిన కుట్టత్తకు ఒళ్లు మండిపోయింది. చొక్కాలు మంచివే, కానీ ఒక్కదానికీ గుండీ లేదు. ఊడిపోయినవి కావు, కత్తెరతో శ్రద్ధగా కత్తిరించి తీసుకున్నవి. కాజాలు మాత్రం నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

"కుడిచేత్తో పెట్టి ఎడమచేత్తో లాక్కోవడమంటే ఇదే," అని గొణుక్కుంది. "ఆ గుండీలను వేపుకు తింటారు కాబోలు."

అంతలో, ఇల్లు కాలిన తాపీమేస్త్రీ గుమ్మంలో నిలబడ్డాడు. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది.

"అత్తా, ఈ చేత్తో తాపీ పట్టలేను. రేపు పొద్దున గోదాములో కాపలా పనికి రమ్మన్నారు. ఒంటి మీద సరైన చొక్కా లేకపోతే గేటు దగ్గరే తిప్పి పంపేస్తారట. ఇదీ పోతే పిల్లలకు ఏం పెట్టను?"

"చొక్కాకేం, బోలెడున్నాయి. గుండీలే పెద్దింటి డబ్బాలో కూర్చున్నాయిరా అల్లుడూ."

"పోనీ, పిన్నీసులు పెట్టుకుని పోతాను."

"కాపలావాడివా, గడ్డిబొమ్మవా? కూర్చో."

గుండీలు ఎవరివి వారే తెచ్చుకోవడం ఆమె దగ్గరి రివాజు. ఇంట్లో ఒక్కటైనా లేదు. కాసేపు గోడ మేకుకు వేలాడుతున్న తన ఏకైక స్వెట్టరును చూసింది. తరువాత కత్తెర అందుకుంది. స్వెట్టరు గుండీలు చొక్కాకు కాస్త పెద్దవి కావడంతో కాజాలన్నిటినీ కొంచెం కోసి, అంచులు మళ్లీ కుట్టింది. చొక్కా తొడుక్కున్న మేస్త్రీ మెడ దాకా గుండీలు పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. మరునాడు అతనికి పని దొరికింది.

తరువాతి ఆదివారం చర్చి వాకిట్లో సంఘపెద్ద భార్య కుట్టత్తను ఎగాదిగా చూసింది.

"ఏమమ్మా, ఊరందరికీ కుట్టేదానివి, నీ స్వెట్టరుకు పిన్నీసులా? దేవుని మందిరానికైనా పద్ధతిగా రావద్దా?"

"దీని గుండీలు మీరిచ్చిన చొక్కాకు వెళ్లాయమ్మగారూ."

నలుగురూ ఇటు తిరిగారు. ఆవిడ గొంతు తగ్గించింది. "మంచి గుండీలు ఎవరైనా పోగొట్టుకుంటారా? అయినా వాళ్లకేం తెలుస్తుంది?"

"చలి తెలుస్తుంది."

పాస్టరుగారు మెల్లగా దగ్గరికి వచ్చారు. "పోనీలే అమ్మా, ఇచ్చినవారిని నొప్పించకూడదు."

"నేనెవరినీ నొప్పించలేదయ్యగారూ, మూట విప్పానంతే."

మెట్ల పక్కన, అదే ఇంటి నుండి వచ్చిన కొత్త మూట ఉంది. కుట్టత్త వంగి ముడి విప్పి, పైనున్న చొక్కా ముందుభాగం మీద వేలు పోనిచ్చింది. కాజాలే తగిలాయి. తిరిగి ముడి వేసి, మూటను నెత్తికెత్తుకుంది.

"ఈ మూట తీసుకువెళ్తున్నానమ్మగారూ; సందులో వాళ్లు చలికి వణుకుతున్నారు. గుండీల డబ్బా కోసం రేపు మీ ఇంటికి వస్తాను. ఇచ్చేదాకా గుమ్మంలోనే కూర్చుంటాను."