ఉప్పు గీతలు లేని జెర్సీ

2023 సెప్టెంబరు రెండో శనివారం, సాయంత్రం అయిదుంబావు. అరబ్బు దేశంలో, బనియాస్ దాటాక ఒక కాలేజీ ఫుట్‌బాల్ మైదానం. గోలు స్తంభాల వెనక నేను నీళ్ల పైపు చుట్టుకుంటూ ఉంటే కోచ్ పిలిచాడు. అతని చేతిలో కాగితం ఉంది. ఆ సీజన్‌లో ఆడబోయే పద్దెనిమిది మంది పేర్లు ఆరున్నరలోగా ఆఫీసుకు పంపాలి. పదిహేడు పేర్లకు టిక్కులు పడ్డాయి. పద్దెనిమిదో చోట మాత్రం ఇద్దరి పేర్లున్నాయి.

"చాచా, రోజూ చూస్తున్నావు కదా. ఈ ఇద్దరిలో నిజంగా కష్టపడేది ఎవడు?" అని అడిగాడు. ఆయనది కేరళ. నాతో హిందీలోనే మాట్లాడతాడు.

అక్కడ నా పని గడ్డికి నీళ్లు పెట్టడం, సున్నంతో గీతలు వేయడం, జెర్సీలు ఉతకడం. కరోనా వచ్చిన ఏడు మా సైటు ఖలాస్ అయ్యాక దొరికింది. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా కట్టడాల మీద ఇటుక పని చేశాను. ఫుట్‌బాల్ గురించి నాకు తెలిసింది తక్కువ. కానీ మనిషి పని చేస్తున్నాడా, చేస్తున్నట్టు నటిస్తున్నాడా అన్నది ఇట్టే కనిపెడతాను. అక్షరాలు నాకు యాభై దాటాక, కూలీలుండే క్యాంపులో వచ్చాయి. అందుకేనేమో, కాగితం మీది టిక్కుల కంటే ఒంటి మీది బట్టనే ఎక్కువ నమ్ముతాను.

సైటులో మా ఫోర్‌మన్ సాయంత్రం బస్సు ఎక్కేముందు అందరి వీపులూ చూసేవాడు. ఎండలో ఒళ్లు వంచినవాడి చొక్కా మీద చెమట ఆరి తెల్లటి ఉప్పు గీతలు పడతాయి. గీతలు లేనివాడు ఎక్కడో నీడన కూర్చున్నాడని అర్థం. ఫోర్‌మన్ వస్తున్నాడనగానే డ్రమ్ములోంచి దోసెడు నీళ్లు వీపు మీద కొట్టుకునేవాళ్లుండేవారు. అప్పుడు చొక్కా తడిగా ఉంటుంది గాని ఆరాక ఉప్పు ఉండదు. ఈ మోసం నాకెలా తెలుసంటే, నేనూ చేశాను.

రెండు వారాలుగా కోచ్ ఆటగాళ్లను మైదానంలో పరీక్షిస్తుంటే, నేను బట్టల బుట్ట దగ్గర పరీక్షించాను. కెప్టెన్‌కు నోరెక్కువ, ఉప్పు తక్కువ. ముందు ఆడే పొడుగాటి కుర్రాడు కింద పడ్డాక, కోచ్ చూశాడా లేదా అని ఒక కన్ను తెరిచి చూసేవాడు. ఇంకొకడు మోకాళ్లకు మట్టి చేత్తో రాసుకోవడం నా కళ్లారా చూశాను. అందరిలోనూ ఏదో ఒకటి దొరికింది నాకు.

పద్దెనిమిదో చోటుకు పోటీ పడిన ఇద్దరిలో ఒకడు ఈజిప్టు కుర్రాడు. వాడి జెర్సీ ఆరితే అట్టలా బిగుసుకుపోయేది, అంత ఉప్పు. రెండోవాడు మన గోదావరి జిల్లా అబ్బాయి. తండ్రి బనియాస్‌లో ఒక అరబ్బు ఇంటి డ్రైవరు. తల్లి ఆ ఇంట్లోనే వంట చేస్తుంది, బట్టలు ఉతుకుతుంది. జట్టులో ఉన్నవాళ్లకు కాలేజీలో ఫీజు లేదు. జట్టులో చోటు పోతే ఆ అబ్బాయి చదువు ఆగిపోతుంది, ఊరికి పంపేయడమే. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే వాడిని మరీ ఎక్కువ అనుమానించాను. తెలుగువాడని వదిలేశాడన్న మాట నాకు రాకూడదు.

వాడి జెర్సీ రోజూ బుట్టలో అన్నిటికీ అడుగున, తడిగా, మడతపెట్టి ఉండేది. ఎన్నడూ నా చేతికి ఇచ్చేవాడు కాదు. నేను లేనప్పుడు వేసి పోయేవాడు. ఆరేసి చూస్తే ఒక్క ఉప్పు గీత లేదు. రెండు వారాల్లో ఒక్క రోజు కూడా లేదు.

"తెలుగు పిల్లగాడు మోసం చేస్తున్నాడు సాబ్. నీళ్లు పోసుకుని చెమట అంటున్నాడు," అని చెప్పాను.

కోచ్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "వాడు వెనక ఆడతాడు. నా కళ్లు ముందుంటాయి. నాకూ అనుమానంగానే ఉంది," అంటూ ఆ పేరు మీద గీత కొట్టేశాడు.

వెనక మాట్లాడి ఊరుకోవడం నాకు చేతకాదు. వాడు బూటు లేసు కట్టుకుంటున్న చోటికి పోయి మొహం మీదే అన్నాను.

"ఏం రా, నీళ్లు సల్లుకుంటె చెమటైతదా? కోచ్‌కు ఎర్క లేకపోవచ్చు, నాకు ఎర్కనే. నీ పేరు కొట్టేసిండు పో."

వాడి మొహం పాలిపోయింది. "ఏ నీళ్లండి బాబాయ్ గారూ?"

"ఏ నీళ్లంటవా? దినాం తడి జెర్సీ ఏస్తవు బుట్టల. మరి ఉప్పేది?"

వాడు తల దించుకున్నాడు. దొంగతనం బయటపడినట్టే అనిపించింది నాకు. పక్కనే చేతి తొడుగులు వేసుకుంటున్న గోలీ, మన హైదరాబాదు పాతబస్తీ వాడు, పగలబడి నవ్వాడు.

"అరే చాచా! వీడు దినాం నల్లా కింద ఉతికి, పిండి ఏస్తడు. మేమందరం వీన్ని వాషింగ్ మెషీన్ అని పిలుస్తం!"

"ఎందుకురా?" అని ఆ అబ్బాయినే అడిగాను.

"మీరు పెద్దోరండి. మా నాన్న కంటే పెద్దోరు. నా చెమట కంపు గుడ్డ మీ చేతిలో ఎలా ఎడతానండి?" అని గొణిగాడు. "మా అమ్మ ఆళ్లింట్లో అందరి బట్టలూ ఉతుకుతాదండి. నేను మీ చేత ఉతికించానని తెలిత్తే చీపురు తిరగేత్తాదండి."

నేను నమ్మలేదు. సైటులో ఇంతకన్నా మంచి కథలు విన్నాను. గోలీ వాడికి దోస్తు, సాక్ష్యం ముందే మాట్లాడుకుని ఉండొచ్చు. కోచ్ దగ్గరికి తిరిగి వెళ్లి, "ఇద్దరినీ ఇప్పుడే ఆడించండి సాబ్. నేను వీడినొక్కడినే చూస్తాను," అన్నాను.

"టైం లేదు చాచా."

"ఇరవై అయిదు నిమిషాలు."

"యల్లా, కానియ్," అన్నాడు విసుగ్గా, ఈల ఊదుతూ.

నేను బంతిని చూడలేదు, వాడి కాళ్లనే చూశాను. బంతి వాడి వైపు నాలుగుసార్లే వచ్చింది. రానప్పుడు కూడా వాడు ఆగలేదు. ఎదుటివాడు ముందుకు కదిలితే ముందుకు, పక్కకు జరిగితే పక్కకు, నీడలా వెంటపడ్డాడు. బంతి లేని చోట పరుగెత్తేవాడిని ఎవరు చూస్తారు? ఈజిప్టు కుర్రాడు బంతి దొరికితే గుర్రంలా పోయేవాడు, అది పోయాక నడుము మీద చేతులు పెట్టుకునేవాడు. అట్లాగని వాడిది దొంగ చెమట కాదు.

ఆట ఆగగానే గీత దాటి లోపలికి పోయి చెయ్యి చాచాను.

"ఇడువు."

"వద్దండి బాబాయ్ గారూ..."

"నల్లా దిక్కు చూడకు. ఇడువ్‌రా!"

సిగ్గుపడుతూ విప్పి, రెండు వేళ్లతో పట్టుకుని ఇచ్చాడు. బరువుగా ఉంది. డ్రెస్సింగ్ గది వెనక ఏసీ డబ్బా వేడిగాలి కొడుతుంది, అవసరమైతే నేను బట్టలు అక్కడే ఆరేస్తాను. జెర్సీని దాని ముందు పట్టుకుని నిలబడ్డాను. వాడు వస్తాడేమో, తడి చేస్తాడేమో అని అటూ ఇటూ చూస్తూనే ఉన్నాను. ఆరున్నరకు ఇంకా కొద్ది నిమిషాలున్నాయనగా బట్ట తేలికపడింది. మెడ కింద ఒక తెల్ల గీత, వీపు మధ్యన వెడల్పుగా ఇంకొకటి, నడుము దగ్గర మరొకటి తేలాయి.

తీసుకుపోయి కోచ్‌కు చూపించాను.

"నేను బట్టలు చూసి జట్టును ఎంచను చాచా," అన్నాడు.

"మరి నా మాట విని ఎందుకు కొట్టేశారు సాబ్?"

ఆయన కాగితం ముందుకు లాక్కున్నాడు. "వాడున్న వైపు నుంచి ఒక్క బంతి కూడా లోపలికి రాలేదు," అని, కొట్టేసిన పేరును దాని కిందనే మళ్లీ రాసి టిక్కు పెట్టాడు. కాగితం కోసం వచ్చిన గుమాస్తా దాన్ని ఆఫీసుకు పట్టుకుపోయాడు.

ఈజిప్టు కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. వచ్చీరాని హిందీలో, "అంకుల్, రెండు వారాలు నా జెర్సీ కూడా నువ్వే ఉతికావు కదా. అందులో ఏం తక్కువైంది?" అని అడిగాడు.

ఏమీ తక్కువ కాలేదు. ఆ మాట వాడికి చెప్పాను. వాడికి ఆ చోటు ఎంత అవసరమో మాత్రం నేను ముందూ అడగలేదు, తర్వాతా అడగలేదు.

ఆ రోజు అక్కడ ఉండి ఇదంతా చూసినవాళ్లం: కోచ్, గోలీ, కెప్టెన్, ముందే టిక్కు పడిన మిగతా పదిహేను మంది, గోదావరి అబ్బాయి, ఈజిప్టు కుర్రాడు, కాగితం కోసం వచ్చిన ఆఫీసు గుమాస్తా, నేను.