రెండు రోజుల జ్వరం

అబద్ధాలాడే మనిషిని కానని అందరిలాగే నేనూ చెప్పుకునేదాన్ని. అవసరం పడ్డప్పుడు మాత్రం తడుముకోకుండా ఆడాను, అదీ మా పాప ప్రాణం మీదికి వచ్చిన పూట.

పాపకు అప్పుడు పదహారు నెలలు. హిందీ మాట్లాడే ఊళ్లో మేముండే పేట బర్మామైన్స్‌లో మా సందు చివరి అంగన్‌వాడీలో గురువారం టీకా వేయించాను. సాయంత్రానికి ఒళ్లు కాలింది. జ్వరం రావచ్చని ముందే చెప్పారు కనుక మందు పోసి తడిగుడ్డ వేశాను. మర్నాడు పొద్దున్న పాలు పట్టబోతుంటే పాప కళ్లు తేలేసింది. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. రెండు నిమిషాలో, ఇంకా తక్కువో. నాకు మాత్రం ఎంతకీ అయిపోలేదు.

మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. అత్తా నేనూ ఆటో ఎక్కి ప్రభుత్వ ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో అత్త నా మోకాలు నొక్కింది.

"టీకా మాట ఎత్తకు. ఆ పిల్ల పని పోద్ది."

ఆ పిల్ల అంటే మా సందు సహియా. ఇంటింటికీ తిరిగి పిల్లలను టీకాలకు పిలిచే ఆరోగ్య కార్యకర్తను ఇక్కడ అలా అంటారు. ఆవిడ మా తెలుగు మనిషి, మా చర్చి మనిషి, నాకు వదిన వరస. హిందీకి నోరు తిరగని మా ముసలమ్మలకు ఆసుపత్రి చీటీలు రాయించేది ఆవిడే. నా కాన్పప్పుడు చెయ్యి పట్టుకుని కూర్చున్నదీ ఆవిడే. ఊరుగాని ఊళ్లో మనవాళ్ల పొట్ట మనం కొట్టకూడదని మా పెద్దల పట్టుదల. మంచిదే. దాన్ని ఎక్కడ వాడాలో మాకు తెలియలేదు, అంతే.

"బుఖార్ కబ్ సే హై?" అన్నాడు డాక్టరు, జ్వరం ఎప్పటి నుంచని.

"దో దిన్ సే," అన్నాను, రెండు రోజుల నుంచని. నిన్నటి టీకా ఊసే ఎత్తలేదు.

పాప మగతగా ఉంది, పిలిచినా కళ్లు విప్పడం లేదు. రెండు రోజుల జ్వరం మీద ఫిట్సు వచ్చాయంటే మెదడుకేమైనా సోకిందేమో, వెన్నులోంచి నీరు తీసి చూడాలి అన్నాడు. నర్సు సంతకానికి కాగితం తెచ్చింది. నిజం చెబితే వదిన పని పోతుంది, చెప్పకపోతే పాప వెన్నులో సూది. అత్త ప్రభువును తలుచుకుంటోంది. నేను పెన్ను పట్టుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, పట్టుకున్నాను.

అంతలో పక్కింటివాళ్లు చెబితే వదిన పరుగెత్తుకొచ్చింది. చేతిలో ఒక ఫారం. టీకా తరువాత పిల్లలకేమైనా అయితే రాసి పంపేది. ఆరోగ్య కేంద్రానికి అప్పటికే ఫోను చేసేసిందట.

"డాక్టరుకి సెప్పేవా, నిన్న టీకా ఏయించినట్టు?"

నేను పెన్ను పక్కన పెట్టాను. అత్తే చెప్పింది. "నీ కోసమేనమ్మా. నీ పని పోద్దని."

వదిన ముఖం నల్లబడింది. "ఇది రాత్తే నా పని ఎందుకు పోద్ది పిన్నీ? రాయకపోతే పోద్ది. రాత్తేనే పాప వైద్దెం సర్కారు సూసుకుంటాది. టీకా వల్లో కాదో పెద్ద డాక్టర్లు తేలుత్తారు." నా వైపు తిరిగింది. "నా పని కోసం పాపకి సూది ఏయించీద్దువా?"

వెళ్లి డాక్టరుకు నిజం చెప్పాను. ఇందాక ఒకటి, ఇప్పుడొకటి, ఏది నమ్మమంటావు అన్నాడు. ఆయన తప్పు కాదు. వదిన టీకా కార్డూ ఫారమూ బల్ల మీద పెట్టింది. టీకాకు ముందు పాపకు జ్వరం లేదని అందులో రాసి ఉంది. ఆయన చదివి, పాపను మళ్లీ పరీక్షించి, సూది కాసేపు ఆపి చూద్దామన్నాడు.

ఆ కాసేపు ఎలా గడిచిందో నాకే తెలుసు. పాప ఊపిరి పీల్చినప్పుడల్లా దుప్పటి లేస్తోందా లేదా అని చూస్తూ కూర్చున్నాను. నాలుగింటికి కళ్లు విప్పి నీళ్లడిగింది. సూది అక్కర్లేదన్నారు. మందులన్నీ ఆసుపత్రే ఇచ్చింది.

మూడో రోజు ఇంటికి పంపేముందు డాక్టరు మా మంచం దగ్గరకు వచ్చాడు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నన్ను దాటి, అప్పుడే ఇంటి దగ్గర్నుంచి వచ్చిన వదిన వైపు తిరిగి, రాత్రి పాపకు జ్వరం వచ్చిందా అని అడిగాడు. రాత్రంతా పాప పక్కన కూర్చున్నది నేను.