బ్రేకమ్మ పాదం

డ్రైవింగ్ స్కూల్లో ఆమెకు పెట్టిన పేరు బ్రేకమ్మ. నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ పట్టుకుని వణుకుతుంటే, పక్క సీట్లో కూర్చుని తన పాదం కింద ఉండే రెండో బ్రేకును సమయానికి తొక్కడం ఆమె ఉద్యోగం. ఇరవై రెండేళ్ళలో ఆ కాలు కాపాడిన గోడలకూ, కుక్కలకూ, తోపుడు బళ్ళకూ లెక్క లేదు. అలాంటి మనిషి యాభయ్యో ఏట రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు, పాతదే అనుకోండి, కొనుక్కుంటే అందరూ ముక్కున వేలేసుకున్నారు. దర్జీ పని చేసే మొగుడు, "ఈవిడ తోలితే వెనకనుంచి నత్త హారన్ కొడుతుంది" అన్నాడు. అంటూనే సీట్లకు కొత్త కవర్లు కుట్టిపెట్టాడు.

నాలుగు నెలల క్రితం, మిట్టమధ్యాహ్నం పాఠంలో, స్కూలు కారు రోడ్డు దాటుతున్న పోస్ట్‌మాన్‌ను గుద్దింది. తోలుతున్నది ఒక బేకరీలో పనిచేసే నలభై ఏళ్ళ ఆవిడ; బ్రెడ్డు వ్యాను నడపాలని నేర్చుకుంటోంది. పోస్ట్‌మాన్ బతికాడు కానీ తుంటి ఎముక విరిగి, ఇప్పుడు కర్ర లేనిదే అడుగు వెయ్యలేడు. "చూశాను, తొక్కాను, కాలు అరక్షణం ఆలస్యమైంది. వయసు మీదపడుతోంది" అని బ్రేకమ్మ విచారణలో రాసిచ్చింది. తోలుతున్న మనిషి కంగారే అసలు కారణమని స్కూలువాళ్ళు ఫైలు మూసేశారు. బేకరీ ఆవిడ మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు.

అప్పటినుంచి బ్రేకమ్మకు ఏదీ అంటడం లేదు. వేళకు తినేది, వేళకు పడుకునేది, అడిగినదానికి జవాబు చెప్పేది. కూరలో ఉప్పు వెయ్యడం మరిచిపోయి, తినేటప్పుడు ఆ సంగతి కూడా గమనించేది కాదు. మొగుడు పాపం, ఉప్పు డబ్బా పక్కన పెట్టుకుని తినడం నేర్చుకున్నాడు. ప్రమాదం తర్వాత పెట్టిన సెలవు అయిపోవచ్చింది, సోమవారంలోగా చేరతారో మానేస్తారో చెప్పమని స్కూలు నుంచి ఫోను వచ్చింది. కాలు నిజంగానే మందగించిందా అన్నది తేలితే తప్ప ఆమె దగ్గర జవాబు లేదు.

ఆ శనివారం ట్రాక్ డే. సొంత కారును రేసు ట్రాక్ మీద, పోటీ అంటూ లేకుండా, మనసుతీరా తోలుకోనిచ్చే రోజన్నమాట. పుట్టినరోజు కానుకగా మొగుడు ఎప్పుడో ఆమె పేరు రాయించి ఉంచాడు. "పద. నిన్ను చూసి చూసి మన ఇంటి గోడలకే విసుగొస్తోంది" అన్నాడు. ఆమె కాదనలేదు. కాదనడానికైనా ఓపిక ఉండాలి కదా.

అక్కడ కారులోంచి గొడుగు, పెన్నులు, నీళ్ళ సీసా, కదిలే ప్రతి వస్తువూ తీయించారు. టైర్లలో గాలి చూశారు. పక్కన కూర్చుని నేర్పడానికి ఒక కోచ్‌ను ఇచ్చారు. బుగ్గన పిప్పరమెంటు పెట్టుకున్న బక్కపల్చటి మనిషి. కొత్తవాళ్ళ పక్కన కూర్చుని పొట్టపోసుకునే బతుకు ఎలాంటిదో ఆమెకు తెలుసు.

"మీ వైపు బ్రేకు లేదు. భయం వెయ్యదా?" అని అడిగింది.

"వేస్తుందండీ. అందుకే నోరు నమ్ముకుని బతుకుతున్నా" అన్నాడతను.

ఆరు రౌండ్లు తోలింది. స్పీడు ముల్లు నూట యాభై చూపించింది. పక్కనుంచి కుర్రకారు రివ్వున దూసుకుపోయారు. హెల్మెట్ లోపల ఆమెకు తన ఊపిరి తప్ప ఇంకేమీ వినబడలేదు, గుండె కూడా మామూలుగానే కొట్టుకుంది. "ఒక్క తప్పు లేదు. ఇంతకీ మీకు బాగుందా?" అన్నాడు కోచ్. "ఏమోనండీ" అంది.

మలుపుల్లో ఎలా తిప్పాలో చూపిస్తానని ఈసారి అతను తోలాడు. ఆమె పక్క సీట్లోకి మారింది. మూడు రౌండ్లయ్యాక కారు ఆపి, హెల్మెట్ తీసి, ఆమె కాళ్ళ దగ్గర చూసి నవ్వాడు. మ్యాట్ నలిగి ముద్దయి, సీటు కిందికి పోయి ఉంది.

"అక్కడ బ్రేకు లేదండీ. ఐనా నేను వేసిన ప్రతిచోటా మీరు నాకంటే ముందే తొక్కేశారు. ఈ కుర్రాళ్ళకెవరికీ లేదు అంత చురుకు."

"ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదా?"

"ఒక్కసారి కూడా."

ట్రాక్ పక్కనే కాచుకుని ఉన్న మొగుడి ముఖం వెలిగిపోయింది. "విన్నావా? కాలు బంగారం. ఇంక సోమవారం నిశ్చింతగా చేరు" అన్నాడు. ఆమె వెళ్ళి ట్రాక్ పక్కనున్న పొట్టిగోడ మీద కూర్చుంది. కాలు బాగుందంటే ఆ రోజూ బాగానే ఉంది. దారి తప్పింది చూపు. ఆ మధ్యాహ్నం రోడ్డు పక్క మేడ మీద ఎవరో దుప్పటి దులుపుతుంటే, అది చేజారి కింద పడుతుందేమోనని ఆమె అటే చూస్తూ ఉండిపోయింది. అది ఆమె ఏ రోజూ మరిచిపోలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నేరాన్ని కాలి మీదికి నెట్టి, ఆ మాటే పదిమందికీ చెప్పి, చివరికి తనే నమ్మబోయింది.

మర్నాడు పొద్దున్నే బేకరీకి వెళ్ళింది. ఆవిడ వెనకగదిలో బ్రెడ్డు ట్రేలు దొంతర పెడుతోంది. బ్రేకమ్మ నిలబడే చెప్పేసింది.

"ఆ రోజు తప్పు నీది కాదమ్మా. నా కాలు ఆలస్యం కాలేదు. నేను రోడ్డే చూడలేదు, మేడకేసి చూస్తున్నాను. అబద్ధం రాసిచ్చాను."

"తెలుసు మేడం" అంది ఆవిడ, ట్రే దించకుండానే. "ఆ మనిషి అడ్డం రాగానే, ఏం చెయ్యాలో చెప్తారని మీ వంకే చూశాను. మీ తల అటు తిరిగుంది."

"తెలిసీ ఇన్నాళ్ళూ ఎందుకు ఊరుకున్నావు?"

"మీరు చెప్తారేమోనని చూశాను."

బ్రేకమ్మ పక్కనున్న పిండి బస్తా మీద కూలబడింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.