ఆ ఎర్రమచ్చకు నేను ఒప్పుకోలేదు

నిరుడు ఎండాకాలం, వీపనగండ్ల దగ్గరి ఒక పల్లెలో టీబీ శిబిరం పెట్టాం. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. అప్పుడే మా వ్యానులోకి ఏఐ వచ్చింది. తీసిన ఎక్స్‌రేను కంప్యూటరే చదివి, అనుమానం ఉన్నచోట ఎర్రమచ్చ పెడుతుంది. అది అనుమానం మాత్రమే. రోగమని తేల్చాల్సింది కఫం పరీక్ష.

"మా హైదరాబాద్‌లో దీన్ని నమ్మరు, డాక్టరే చూడాలని గొడవపడతారు. ఇక్కడేమో దండం పెడుతున్నారు!" అని శిబిరం డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

వ్యాను దగ్గర నిలబడ్డ బాలయ్య అందుకున్నాడు. కూలి పని చేసే పెద్దమనిషి. "మనిషైతే మా బట్టలు జూసి మాట్లాడుతడమ్మా. మిషన్‌కు గదేం తెల్వదు. అందరికీ ఒక్కతీరే చెప్తది."

నేను తర్వాతి పేరు పిలిచాను.

అతని కోడలు ఈశ్వరమ్మ వంతు. పాలు తాగే కొడుకున్నాడు. ఆమె ఎక్స్‌రేలో ఊపిరితిత్తి పైభాగాన, భుజం దగ్గర ఎర్రమచ్చ పడింది. బాలయ్య ఆమె ఒళ్లోంచి మనుమణ్ణి లాక్కున్నాడు.

"పాలు బంద్. పిల్లగాన్ని ముట్టకు!"

"ఇంకా ఏం తేలలేదు పెద్దాయనా!" అన్నాను.

"మిషన్ అబద్ధమాడదు."

బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. తల్లి రవిక పాలతో తడిసిపోతోంది. నాకు ఒళ్లు మండింది. ఎక్స్‌రే మళ్లీ చూశాను. మచ్చ పడ్డచోట తాడులాంటి నీడ ఉంది. ఎక్స్‌రేలో పడకూడదని ఆమె జడను పైకి మడిచి క్లిప్పు పెట్టింది నేనే కదా!

"జడ ఎట్ల జారింది తల్లీ?" అని మెల్లగా అడిగాను.

"నువ్వు తెర ఎనకకు పోయినవు. మామ తలుపుకాడికొచ్చిండు. కొంగు నెత్తిమీద కప్పుకున్న. క్లిప్పు ఊడింది."

ఒకసారి మచ్చ పడితే మళ్లీ తీయొద్దని పైనుంచి ఆర్డరు. డాక్టరమ్మ నసిగింది. "ఎవరైనా అడిగితే నా పేరు చెప్పండి," అన్నాను. బాలయ్యను కిందికి దింపి తలుపు మూశాను. జడ మళ్లీ మడిచి ఇంకో ఎక్స్‌రే తీశాను.

ఈసారి మచ్చ పడలేదు. అయినా కఫం పరీక్షకు పంపాం. కొన్ని రోజులకు అందులోనూ రోగం లేదని తేలింది.

"మరి ముందుగాల అబద్ధం చెప్పిందా?" అన్నాడు బాలయ్య ఆరోజు, రెండో ఎక్స్‌రే చూసి.

"అక్కడ ఏదో ఉందన్నది. ఉన్నది జడ. ఎందుకు జారిందని అది అడగలేదు. దానికైతే నోరు లేదు. నీ నోటికేమైంది?"

అతను బిడ్డను తల్లి ఒళ్లో పెట్టి, వ్యానుకు వీపు తిప్పి నిలబడ్డాడు.

ఆ ఆర్డరు ఇంకా ఉంది. నేనూ అవసరమైతే మళ్లీ తీస్తూనే ఉన్నాను. మిషన్ నాకు కావాలి, బట్టలు చూడకుండా చెప్తుంది కాబట్టి. కానీ ఏమీ అడక్కుండా తల్లినీ బిడ్డనూ విడదీస్తానంటే, మిషనైనా సరే, మామైనా సరే, ముందు నాతో మాట్లాడాలి.