నా పటంలో పేరు లేని చుక్క

నాన్నగారు కొల్లేటి లంకలో బడి నడిపే రోజుల్లో మా చంటి తమ్ముడు జ్వరంతో పోయాడు. బాప్తిస్మం కాలేదు, పేరూ పెట్టలేదు. ఊరి చివర దిబ్బ మీద సమాధి చేశాం. ఆ చోటు ఎరిగినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది పెద్దదాన్ని నేనే. అక్కడ ఒక్కసారి మోకాళ్ళూనాలని బయలుదేరాను.

నేను తాడేపల్లిగూడెంలో భూగోళం చెబుతాను. మా ల్యాబులో పాత సర్వే పటాన్ని స్కాన్ చేసిన బొమ్మ ఉంది. ఎంత పెద్దది చేసినా చివరికి కనిపించేవి రంగు గళ్ళే. రెండో పటంగా, దాని మీదే కాలవలను గీతలుగా, ఊళ్ళను చుక్కలుగా, కొల్లేటిని చుట్టుగీతగా కంప్యూటరులోకి ఎక్కించాం. తమ్ముడి దిబ్బ ఉన్నచోట, పేరు రాయకుండా ఒక చుక్క నేను పెట్టుకున్నాను. మూడోది ఎత్తుల పటం. అంతరిక్షం నుంచి రాడారుతో కొలిచింది. తొంభై మీటర్ల గడికి ఒక్కొక్క అంకె, మీటర్లలో ఎత్తు. చుట్టూ అన్నీ ఒకట్లు, రెళ్ళు. నా చుక్క ఉన్న గడిలో నాలుగు. చేపల చెరువుల కోసం దిబ్బలు తవ్వేశారని విన్నా, ఆ నాలుగును నమ్ముకున్నాను.

పొద్దుటి పాసింజరుకు భీమడోలులో దిగి ఆటో ఎక్కాను. చేతిలో పటం చూసి డ్రైవరు, "కాంటూరోళ్ళాండీ?" అన్నాడు. ఐదో కాంటూరు, అంటే కొల్లేటి అభయారణ్యానికి హద్దైన ఎత్తు గీత, దాని లోపలి చెరువు గట్లను సర్కారు కొట్టేసినప్పటి నుంచి అక్కడ అది ఇంటి మాట.

"కాదండీ. మా తమ్ముణ్ణి చూడ్డానికి."

"అయితే వందివ్వండి. కాంటూరోళ్ళకైతే రెండొందలండి."

రేవులో ఏడుకొండలుగారి తాటిదోనె దొరికింది. రానూపోనూ నూట యాభై. నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క తప్పించుకుంటూ గంట ప్రయాణం.

"ఒక్కరే వచ్చారేంటండీ?"

"తోడెవరూ లేరండీ."

దిబ్బ లేదు. తెగిపోయిన గట్టు ముక్క మీద గుబురుగా తుమ్మచెట్లు, చుట్టూ నీళ్ళు. రాడారు కొలిచింది నేలను కాదు, ఆ చెట్ల తలలను. నేను ఏటా చెప్పే పాఠమే.

"దిబ్బ మట్టి చెరువు గట్టుకెత్తేశారండి. తర్వాత ఆ గట్టూ కొట్టేశారు. మట్టంతా కొల్లేట్లో కలిసిపోయిందండి" అన్నారాయన.

"మరి మావాడు?"

"ఇక్కడే ఎక్కడో ఉంటారండీ."

"ఏడాదైనా నిండలేదండీ వాడికి. ఉంటారు అంటారేంటి?"

"అయినా ఈ నీళ్ళలోకి మాకంటే ముందొచ్చినోరు కదండీ."

మోకాళ్ళూనబోతే, "వద్దండీ, దోనె తిరగబడుద్ది!" అని గట్టిగా అరిచారు. కూర్చునే ప్రార్థించాను. ఆయన తలగుడ్డ తీసి, గడ ఆపి పట్టుకున్నారు.

అటు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. ఎత్తుల పటంలో అంకె చూసి బయలుదేరకండి. అది నేల ఎత్తో, చెట్ల ఎత్తో ముందు కనుక్కోండి.

మర్నాడు ల్యాబులో ఆ చుక్క తీసేశాను. ఇన్నేళ్ళూ ప్రార్థనలో వాడి చోటు చెప్పుకునేదాన్ని, పేరు లేక. ఇప్పుడు వాడిది చుక్క కాదు, కొల్లేటి చుట్టుగీత. దానికి పేరుంది.