ప్లాంటు మూసేదాకా

మా అక్క పెళ్ళయిన ఏడాదే, బావ పనిచేసే కరెంటు ప్లాంటును రెండేళ్ళలో మూసేస్తారని పేపర్లో వచ్చింది. తెలిసినవాళ్ళంతా అయ్యో పాపం అన్నారు. అక్క మాత్రం లోలోపల మురిసిపోయింది. మొగుడి ప్లాంటు ఎప్పుడు మూతపడుతుందా అని ఎదురుచూసిన పెళ్ళాం లోకం మొత్తానికి ఆమె ఒక్కతే అయివుంటుంది.

కారణం లేకపోలేదు. ఆ ప్లాంటు సముద్రపు ఒడ్డున, నరమానవుడు కనిపించని ఇసుకలో ఉంది. గొట్టంలో గ్యాసు వస్తుంది, దాన్ని మండించి కరెంటు తీస్తారు. బావ అక్కడ టర్బైన్ ఆపరేటరు. ఉండేది గేటు లోపల మగవాళ్ళ హాస్టల్లో, గదికి ఇద్దరు. కుటుంబాలతో ఉండడానికి క్వార్టర్లు కట్టమని అడిగితే, "మూసేసే ప్లాంటుకు క్వార్టర్లెందుకు?" అన్నారు పైవాళ్ళు. నిజమే కదా అనిపించింది అందరికీ. మూశాక బావకు మా ఊరి సబ్‌స్టేషన్‌లో పోస్టు ఇస్తామన్నారు. దాంతో మొగుడూ పెళ్ళాం కూడబలుక్కుని, మూసేదాకా ఆగుదాం, ఎంతలే, రెండేళ్ళేగా అనుకున్నారు.

ఇక ప్రభుత్వం వారి దీర్ఘకాలిక ప్రణాళిక సంగతి. దాని మీద నాకు గౌరవం లేదు, దాచడమెందుకు. ముప్పై ఏళ్ళ తర్వాత దేశానికి ఎంత కరెంటు కావాలో లెక్కగట్టి, ఏ ప్లాంటు కట్టాలి, ఏ గొట్టం వేయాలి, దేన్ని మూయాలి అని పెద్దలు కూర్చుని రాస్తారు. కొండల అవతల గాలిమరలు పెట్టి, అక్కణ్ణుంచి పెద్ద లైను లాగాక బావ ప్లాంటు మూయాలన్నది మొదటి ప్రణాళిక. గ్యాసు చవకయ్యేసరికి లైను పని అటకెక్కింది. గ్యాసు ధర మండిపోయాక మళ్ళీ లైను గుర్తొచ్చింది. లైను సగం వచ్చేసరికి ఇంకెక్కడో కొత్తగా గ్యాసు బయటపడింది. కొత్త ప్రణాళిక వచ్చిన ప్రతిసారీ, మూసే ఏడు కాస్త అవతలికి జరిగేది. జరిగినా చేతికందేంత దూరంలోనే ఉండేది. అదే అక్క కొంప ముంచింది. జుట్టు నెరిసేదాకా ఆగాలని మొదటే చెప్పివుంటే, ఆ రోజే మూటాముల్లె సర్దుకుని వెళ్ళి ఆ ఇసుకలోనే పాక వేసుకునేది.

అక్క దర్జీ పని చేస్తుంది. బజారు వీధిలో మెట్ల కింద ఆమె కొట్టు, అందులో ఒక మిషను, గోడకు నిలువుటద్దం. ఎవరి బట్టలు కుట్టినా కుట్టు లోపల కాస్త గుడ్డ వదులుతుంది. రేపు ఒళ్ళు చేస్తే విప్పుకోవచ్చని. ఒక ప్రణాళికలో మాత్రం, ప్లాంటు ఇంకొన్నేళ్ళు నడుస్తుంది కాబట్టి క్వార్టర్లు కడతామన్నారు. పునాదులు కూడా తవ్వారు. బావ కిటికీల కొలతలు కనుక్కుని ఫోన్లో చెప్పాడు. అక్క ఆ సాయంత్రమే లేత పచ్చ గుడ్డ తెచ్చి తెరలు కుట్టేసింది. ఆ తర్వాతి ప్రణాళికలో ప్లాంటు మళ్ళీ మూసేవాటిలో చేరింది. తవ్విన పునాదుల్లో ఇసుక నిండింది. తెరలు బీరువా పై అరలో ఉండిపోయాయి.

బావ సెలవుకు వచ్చేవాడు. వచ్చిన మొదటి రోజు ఇద్దరూ కొత్తవాళ్ళలా మొహమాటపడేవాళ్ళు. ఆ మొహమాటం తీరేసరికి బస్సు టైమయ్యేది. ఆయన వెళ్ళాక కొన్నాళ్ళదాకా అక్క అలవాటుగా రెండు గ్లాసుల టీ కలిపేది. రెండోది నా చేతిలో పెట్టేది. "బావ వాటా నాకెందుకక్కా?" అని వేళాకోళమాడితే నవ్వేది కాదు. ఒకరోజు మిషను తొక్కుతూ తొక్కుతూ ఆపి, "ఆయన ఎటు తిరిగి పడుకుంటాడో మర్చిపోయానే," అంది. నాకు ఏడుపొచ్చింది. ఆమె మళ్ళీ మిషను తొక్కింది.

ఈమధ్య కొత్త ప్రణాళిక రాసే ముందు, జనం మాట వింటామని టౌన్‌హాల్లో సభ పెట్టారు. నేను వద్దన్నా వినకుండా అక్క బయల్దేరింది, నన్నూ లాక్కెళ్ళింది. చార్జీల గురించి, పొగ గురించి, గొట్టం కింద పోయే పొలాల గురించి చాలామంది మాట్లాడారు. అక్క వంతు వచ్చింది. మైకు పట్టుకోవడం ఆమెకు అదే మొదటిసారి.

"నాకు గ్యాసు గురించి ఏమీ తెలియదండీ. మూస్తే మా ఆయన ఇంటికొస్తాడు. ఉంచుతామంటే నేనే అక్కడికి వెళ్తాను. ఏదైనా నాకు ఇష్టమే. ఏదో ఒకటి చెప్పేయండి."

కొందరు నవ్వారు. వేదిక మీది అధికారి నవ్వలేదు. "ఆ ఒక్కటే మేమూ చెప్పలేకపోతున్నామమ్మా," అన్నాడు. "లైను ఎప్పుడు పూర్తవుతుందో, గ్యాసు ధర ఎటు పోతుందో మాకూ తెలియదు." ఆయన్ను ఉతికి ఆరేద్దామని కూర్చున్నదాన్ని, ఆ ముఖం చూశాక అక్క చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను.

ప్రణాళిక వచ్చింది. ప్లాంటు నడపరట, మూయరు కూడానట. గాలి పడిపోయిన రోజుల్లో అక్కరకు వస్తుందని, పిలవగానే అందుకునేలా సిద్ధంగా ఉంచుతారట. దానికి కొద్దిమంది చాలు. మిగతావాళ్ళను వాళ్ళ వాళ్ళ ఊళ్ళకు పంపేశారు. అనుభవమున్న మనిషని బావను ఉంచేశారు.

ఆ మాట బావ ఫోన్లో చెప్పాడు. అక్క వెంటనే అడిగింది.

"గేటు బయట కొత్తగా వెలిసిన సైకిల్ షాపు పైన గదుందన్నారు కదా, ఖాళీగానే ఉందా?"

"ఉంది. మరీ చిన్నది. ఇంకో రెండేళ్ళాగితే మళ్ళీ ఏదన్నా..."

"ఆ మాట ఇంక అనకండి."

సామాను సర్దిపెట్టడానికి నేనూ వెంట వెళ్ళాను. గదికి ఒకటే కిటికీ. అందులోంచి ప్లాంటు చిమ్నీ కనబడుతుంది, దాని ఇవతల ఇసుకలో మునిగిన పునాదులు. అక్క తెరలు తీసింది. మడతల దగ్గర రంగు వెలిసిపోయింది. కిటికీకి పట్టి చూస్తే, తెర సగానికి సగం నేల మీద పడింది.

"కత్తిరించెయ్యక్కా," అన్నాను.

ఆమె కత్తెర ముట్టలేదు. కింద పెద్ద మడత పెట్టి, లాగితే ఊడివచ్చేలా పొడుగు కుట్లు వేసింది.

"క్వార్టర్లు కడితే విప్పుకోవచ్చే," అంది.

బావ రిటైరయ్యే రోజు దగ్గరపడిందని ఆమెకు తెలియదా? నేను ఏదో అనబోయాను. బావ కళ్ళతోనే వద్దన్నాడు. స్టూలెక్కి, అక్క చేతిలోంచి తెర అందుకుని కిటికీకి కట్టాడు.